గిటారులో తుమ్మెద

ఆ రోజుకి గిటార్లు బాగుచేసే మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా గిటారు పని ముగించాలి. స్నానం చేసి ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి. నాలుగింటికి పొడుగాయన వచ్చినప్పుడు గిటారు చేతికిచ్చి, ఇరవై రెండేళ్లుగా గొంతులో దాచుకున్న ఒకే ఒక్క వాక్యం చెప్పాలి. "మీ తుమ్మెద విన్నాకే నేను ఈ పనిలోకి వచ్చానండి." అంతే. అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడినా ఏడుపొస్తుందని అతనికి తెలుసు.

పొడుగాయన, పొట్టాయన అన్నవి అభిమానులు పెట్టుకున్న ముద్దుపేర్లు. ఈ స్నేహితులిద్దరూ నలభై ఏళ్లుగా జానపద బాణీల్లో సొంతంగా పాటలు కట్టి ఊరూరా తిరిగి పాడుతున్నారు. పొడుగాయన గిటారు వాయిస్తాడు, పొట్టాయన గొంతు చించుకుని పాడతాడు. పాట ఊపందుకునే సరికి ఆ గిటారులోంచి జుంయ్‌మని ఒక మూలుగు వస్తుంది. దాన్నే తుమ్మెద అంటారు. అది పొడుగాయన బొటనవేలి మహిమ అని అభిమాన సంఘం ఏనాడో తేల్చేసింది. సంఘం పత్రికలో ఆ బొటనవేలి మీద పదకొండు వ్యాసాలు పడ్డాయి. వాటిలో మూడు మేస్త్రివే.

ఇప్పుడు వాళ్లు ఈ ఊళ్లో పాడటానికొచ్చారు. ముందురోజు సాయంత్రం డ్రైవరెవరో గిటారు తెచ్చి, "తీగలు మార్చి, ఒకసారి అంతా చూడమన్నారు" అని చెప్పి పోయాడు. మేస్త్రి దాన్ని ఒక్కసారి మీటాడు. జుంయ్‌మంది. తన బొటనవేలిలోనూ ఆ మహిమ ఉందని తెలిసి పరవశించిపోయి, ఆ వేలిని భార్యకు చూపించాడు. ఆమె అన్నం పెట్టుకోమంది.

తెల్లవారాక చేతులు రెండుసార్లు కడుక్కుని పనిలోకి దిగాడు. పాత తీగలు విప్పి, ఏ గిటారునైనా చేసినట్టే దీన్నీ బోర్లించి గట్టిగా ఊపాడు. టక్కున ఒక బొత్తాం బల్ల మీద పడింది. మేస్త్రి ఇలా గిటార్ల పొట్టల్లోంచి బస్సు టిక్కెట్లు తీశాడు, వేరుశనగ తొక్కలు తీశాడు, ఒకసారి ఎవరిదో పన్ను కూడా తీశాడు. బొత్తాం ఒక లెక్కా! పక్కనే కుట్టుమిషను తొక్కుతున్న భార్యకి "ఇదిగో, నీ సామాను" అని అందించాడు. ఆమె తలెత్తకుండానే దాన్ని బిస్కెట్ల డబ్బాలో పడేసింది. అందులో అప్పటికే రెండు వందల బొత్తాలున్నాయి.

కొత్త తీగలు బిగించి, శ్రుతి చేసి, వాళ్ల పాటల్లో పేరుపడ్డ వంతెన పాట అందుకున్నాడు. ప్రతి స్వరమూ కడిగిన గాజుగ్లాసులా పలికింది. తుమ్మెద లేదు. బొటనవేలు మార్చి చూశాడు. లేదు. ఎడమ చేతి బొటనవేలితోనూ చూశాడు. అప్పుడు అతని చూపు మెల్లగా బిస్కెట్ల డబ్బా మీదికి వెళ్లింది.

"ఇందాకటి బొత్తాం ఏదీ?"

"డబ్బాలో వేశాగా."

"ఎలా ఉంటుంది?"

"గుండ్రంగా ఉంటుంది. ఏమండీ, ముఖం అలా పెట్టారేంటి?"

జవాబు చెప్పేలోగా బావమరిది ఊడిపడ్డాడు. తపాలా ఆఫీసులో ఉత్తరాలు విడదీసే ఉద్యోగం అతనిది. అభిమాన సంఘానికి కార్యదర్శి కూడా. ఆ గిటారును ఒక్కసారి ముట్టుకోవడానికి సెలవు పెట్టి మరీ వచ్చాడు. సంగతి విని ఉన్నచోటే కూలబడ్డాడు.

"అయితే బొటనవేలు ఉత్తిదేనా బావా?"

"నెమ్మదిగా! నలభై ఏళ్ల నాదాన్ని నా చేతులతో చంపేశాన్రా. ఎవరితోనూ అనకు."

"నా నోట్లోంచి వస్తే ఒట్టు" అని బావమరిది టీ తాగడానికి వెళ్లాడు. అరగంటలో సంఘం సభ్యులు తొమ్మిదిమంది దుకాణంలో ఉన్నారు.

అందరివీ ఆరితేరిన చెవులే. బొత్తాలు ఒక్కొక్కటే గిటారులో వెయ్యడం, మేస్త్రి వాయించడం, వాళ్లు కళ్లు మూసుకుని వినడం, మళ్లీ బోర్లించి ఊపడం మొదలైంది. రిటైరైన లెక్కల మాస్టారు పుస్తకం తెరిచి మార్కులు వేస్తున్నాడు.

"ఇది తుమ్మెద కాదు, దోమ" అన్నాడు మందుల షాపాయన.

"దోమ నయం. ఇందాకటిది ఈగ" అన్నాడు బస్సు కండక్టరు.

డబ్బాలోవి చాలక, ఒక డాక్టరమ్మ కుట్టమని ఇచ్చిన కోటుకని బల్ల మీద పెట్టిన బొత్తాల్లో ఒకటి కూడా ఎవరో గిటారులోకి జారవిడిచారు. కోటు కోసం వచ్చిన డాక్టరమ్మ కాసేపు కోప్పడింది, కాసేపు విన్నది, తర్వాత కుర్చీ లాక్కుని "ఇందాకటి నల్లదే బాగుంది" అంది. మధ్యాహ్నానికి ఆవిడ కూడా సంఘంలో సభ్యురాలు.

రెండింటికి పోటీలో రెండు బొత్తాలు మిగిలాయి, ఒకటి నలుపు, ఒకటి తెలుపు. అక్కడ వచ్చింది తంటా. నల్ల బొత్తాం పొట్టాయన గొంతును తొక్కేస్తోందని కండక్టరు అన్నాడు. తొక్కకపోతే ఆ అరుపు ఎవడు భరిస్తాడని మందుల షాపాయన అన్నాడు. ఆ గొంతు కొండమీద మేకల్ని పిలిచే పద్ధతి అని కండక్టరు వ్యాసమే రాసి ఉన్నాడు, ఊరుకుంటాడా? ఇద్దరిలో ఎవరు గొప్ప అన్న మాట ఇరవై ఏళ్లుగా సంఘంలో ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు అందరూ ఒకేసారి ఎత్తారు. ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నారు. రెండు బొత్తాలు ఊడి అవి కూడా డబ్బాలో కలిసిపోయాయి.

మేస్త్రి భార్య మిషను ఆపి లేచింది. డబ్బాలో చెయ్యి పెట్టి బూడిదరంగు బొత్తాం ఒకటి తీసి, "ఇదే" అంది.

"నీకెలా తెలుసక్కా?"

"వేసింది నేను కాదూ?"

దాన్ని వేసి వాయిస్తే జుంయ్‌మంది. మందుల షాపాయన కళ్లనీళ్లు పెట్టుకుని కండక్టర్ని కావలించుకున్నాడు. మేస్త్రి భార్యను పక్కకి పిలిచి, "నిజంగా అదేనా?" అని అడిగాడు.

"నాకేం తెలుసు? నాలుగింటికల్లా కోటు ఇవ్వాలండీ బాబూ" అందామె.

నాలుగింటికి పొడుగాయన వచ్చాడు. వెంట పొట్టాయన కూడా వచ్చాడు. సంఘమంతా గోడకి అతుక్కుపోయి నిలబడింది. మేస్త్రి స్నానం చెయ్యలేదు, చొక్కా మార్చలేదు. గిటారు అందించాడు. పొడుగాయన కూర్చుని వంతెన పాట మొదలుపెట్టాడు. తుమ్మెద పలికింది. ఆయన తీగల మీద చెయ్యి వేసి ఆపేశాడు. ఆయన ముఖం వాడిపోయింది.

"ఇక్కడా అంతేనా" అన్నాడు నీరసంగా.

దొంగ బొత్తాం అని ఆ చెవి పట్టేసిందనుకుని మేస్త్రి చేతులు జోడించాడు. "తప్పైపోయిందండీ! పొద్దున నేనే తీసేశాను. ఇది అసలుది కాదు. అసలుది ఆ డబ్బాలో కలిసిపోయింది."

పొడుగాయన లేచి నిలబడ్డాడు. "తీసేశారా? మీ అంతట మీరే?"

"చూసుకోలేదండీ. ఏదో చెత్త అనుకున్నాను."

"చెత్త!" పొడుగాయన ఆ మాటను తీపి పదార్థంలా చప్పరించాడు. "విన్నావట్రా? చెత్త అన్నాడు! నాలుగూళ్లలో నలుగురికిచ్చాను. ఒక్కడూ తియ్యలేదు. ఒకడైతే కళ్లకద్దుకుని మళ్లీ లోపల పెట్టి, చూశానని నాకే చెప్పాడు. అందరూ అభిమానులే, ఏం చేస్తాం!"

పొట్టాయన నోరు తెరిచాడు. "తీయించాలనుకున్నావా? నువ్వా?"

"అది నీ కోటు బొత్తాం కదరా. మన మొదటి రికార్డింగు రోజున ఊడి ఇందులో పడింది. నా చేతులతో తీసి పారేస్తే నువ్వేమనుకుంటావు? ఎవడైనా మేస్త్రి పొరపాటున తీసేస్తే ఎవరికీ బాధుండదని చూశాను."

"నీకు ఆ మోత ఇష్టమనుకున్నాన్రా! అందరూ పొగుడుతుంటే నవ్వేవాడివిగా!"

"నవ్వక ఏడవమంటావా? ఇష్టం లేకపోతే నువ్వైనా చెప్పొచ్చుగా?"

"ఎలా చెప్పను? ఆ మోత వినబడకూడదనే నలభై ఏళ్లుగా గొంతు చించుకుంటున్నాను!"

"నువ్వు అరుస్తున్నావనే నేను ఇంకా గట్టిగా బాదుతున్నాను!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని పొట్ట పట్టుకుని నవ్వారు. గోడ పక్కన కండక్టరు తన మేకల వ్యాసం గుర్తొచ్చి కళ్లు మూసుకున్నాడు. పొడుగాయన గిటారును బోర్లించి ఊపి, బూడిద బొత్తాన్ని డబ్బాలోకి విసిరి, మేస్త్రి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"బాబూ, మీరు మా పాటలు వినరు కదూ?"

ఆ గొంతులో ఎంత ఆశ ఉందో! మేస్త్రి గొంతులోని ఇరవై రెండేళ్ల వాక్యం పెదవుల దాకా వచ్చింది. వాళ్లిద్దరి వెనక గోడకి వాళ్ల ఫొటోయే, పెద్ద ఫ్రేము కట్టి, వేలాడుతోంది. మేస్త్రి భార్య వెళ్లి డాక్టరమ్మ కోటు తీసి ఆ ఫొటో మీద తగిలించింది.

"పెద్దగా వినను సార్" అన్నాడు మేస్త్రి.

బావమరిదికి పొలమారింది.

"నలభై ఏళ్లకి దొరికాడ్రా మన మనిషి!" అన్నాడు పొడుగాయన. "ఇకనుంచి నా గిటార్లన్నీ మీ దగ్గరికే. ఒక్కటే షరతు. పొరపాటున కూడా మా పాటలు వినకండి."

ఆ సాయంత్రం హాలు కిక్కిరిసిపోయింది. గిటారు శుభ్రంగా పలికింది. పొట్టాయన మొదటిసారి మెల్లగా, పక్కన కూర్చున్నవాడితో మాట్లాడినట్టు పాడాడు. వంతెన పాటలో మూడో చరణం ఒక స్నేహితుడి గురించని మేస్త్రికి ఆ రోజే తెలిసింది. ఇన్నాళ్లూ ఆ మాటలు ఎవరికీ సరిగ్గా వినపడలేదు. అతని గుండె నిండిపోయింది.

పాట అయ్యాక బావమరిది చీకట్లో తడుముకుంటూ వచ్చి భుజం పట్టుకున్నాడు. మధ్యాహ్నం ఆ మహానుభావులిద్దరూ బొత్తాం కథ చెప్పి సంఘంతో వేళాకోళమాడి పోయారని సభ్యులందరూ కలిసి అప్పటికే తీర్మానించుకున్నారు.

"విన్నావా బావా, తుమ్మెద! ఇంత కమ్మగా ఎప్పుడూ పలకలేదు. రేపే వ్యాసం రాస్తున్నాను."

మేస్త్రి వేలు పెదవి మీద పెట్టి అతన్ని పక్కకి లాగాడు. పాటలు పెద్దగా వినని మనిషి కాబట్టి, అతను రెండు గంటలుగా స్తంభం వెనక నక్కి కళ్లు తుడుచుకుంటున్నాడు.