ఊదిన అంకెలే

ఆ శుక్రవారం పొద్దున అనుకున్న పని చాలా చిన్నది. ఎనిమిది గంటలకు అమ్మాయి ఊపిరి మీటరులో ఊదాలి. వచ్చిన అంకెను అమ్మ పట్టికలో రాయాలి. ఐదు రోజుల పట్టికను ఫోటో తీసి ఆస్పత్రికి పంపాలి. అది చూసి డాక్టరుగారు ఒక్క మాట చెప్తారు: ఉబ్బసం ఉన్న పిల్ల ఈ మహమ్మారి రోజుల్లో సోమవారం నుంచి పనికి వెళ్లొచ్చా, లేక గడప దాటకుండా ఇంట్లోనే ఉండాలా అని.

అమ్మాయి పని కళ్లజోళ్ల కార్ఖానాలో. అద్దాలను ఫ్రేములకు సరిపోయేలా అరగదీసి బిగిస్తుంది. రెండు నెలలు మూతపడిన కార్ఖానాను సగం మందితో తెరుస్తున్నారు. కొత్త మిషను మీద అమ్మాయినే కూర్చోబెడతానని సూపర్‌వైజరు మాటిచ్చాడు. అయితే వస్తుందో రాదో ఆ రోజు పన్నెండులోగా చెప్పెయ్యాలి. లేకపోతే ఆ కుర్చీ ఇంకొకరిది.

మూడు వందల యాభై దాటితే వెళ్లొచ్చని డాక్టరుగారు ముందే అన్నారు. అమ్మాయి ఊదినప్పుడల్లా నాలుగు వందల ముప్ఫై, నలభై వస్తోంది. అంటే వెళ్లిపోతుంది. బస్సెక్కుతుంది. బస్సులో ఎవరో ఒకరు దగ్గుతారు. అక్కణ్ణించి అమ్మ ఆలోచన ఏ స్టాపులోనూ ఆగకుండా తిన్నగా ఆస్పత్రి మంచం దాకా వెళ్లిపోయేది.

అలాగని తప్పుడు అంకె రాయడానికి ఆవిడకు చెయ్యి రాలేదు. ఎవరూ ఊదని అంకె రాస్తే అబద్ధం కదా! అందుకని మొదటి రోజే, అమ్మాయి స్నానానికి వెళ్లగానే, మీటరు గొట్టాన్ని వేణ్ణీళ్లతో కడిగి, తలుపు చాటున నిలబడి, ఒంట్లో బలమంతా పెట్టి తనే ఊదింది. ముల్లు నూట ఎనభై దగ్గర ఆగింది. నా వయసుకి ఇంతే కాబోలు అనుకుని, ఇంకో కాగితం మీద గుండ్రటి అంకెలతో రాసుకుంది. ఐదు రోజులూ అదే పని. ఒక రోజు నూట తొంభై వస్తే, అది కూడా దాచకుండా రాసింది.

ఎనిమిదీ పదికి ఆ రెండో కాగితం ఫోటో వెళ్లింది. ఎనిమిదీ పన్నెండుకి ఫోను మోగింది.

"ఆస్పత్రి నుంచి నర్సునమ్మా. ఈ అంకెలు నిజమేనా?"

"అన్నీ ఊదినవేనమ్మా. ఒక్కటి కూడా కల్పించలేదు."

"ఇంత తక్కువైతే మనిషి నిలబడటమే కష్టం. అమ్మాయి మాట్లాడగలుగుతోందా?"

స్నానాల గదిలోంచి అమ్మాయి తువ్వాలు ఇవ్వమనీ, సబ్బు అయిపోయిందనీ, ఈ ఇంట్లో తన మాట వినే దిక్కే లేదనీ అరుస్తోంది.

"మాట్లాడుతోందమ్మా. ఆపడం లేదు."

"ఆ మాటలకి అర్థం ఉంటోందా?"

"దాని మాటలకి ఎప్పుడూ ఉండదు."

"పెదాలు నీలంగా ఉన్నాయా?"

అద్దాల మీద గుర్తులు పెట్టే నీలం పెన్ను మూతను పళ్లతో లాగడం అమ్మాయికి అలవాటు; ఆ సిరా పెదాలకి అంటుకుంటుంది. పని మొదలవుతుందన్న హుషారులో వారం నుంచి ఇంట్లోనే పాత అద్దాల మీద చెయ్యి తిప్పుకుంటోంది.

"నీలంగానే ఉన్నాయమ్మా. వారం నుంచీ."

"వారం నుంచా! మంచం మీంచి కదలనివ్వకండి. ఆక్సిజన్ తీసుకుని బయల్దేరుతున్నాం!"

అమ్మ కోరుకున్నది 'ఇంట్లో ఉండండి' అన్న రెండే ముక్కలు. నర్సు అంత గట్టిగా చెప్పేసరికి, ఆ అంకెలు తనవేనన్న సంగతి కూడా మరిచిపోయి కేక పెట్టింది. "ఏమండీ! పిల్లకి ఆక్సిజనట!"

గడ్డం సగం గీసుకున్న నాన్న ఆ నురగతోనే గేటు తెరవడానికి కిందికి పరుగెత్తాడు. కింద అపార్ట్‌మెంటు సెక్రటరీ ఎదురయ్యాడు. "ఏంటండీ ఈ అవతారం?" అంటే, "మా అమ్మాయి... ఊపిరి..." అన్నంత వరకే ఆయన నోరు పెగిలింది. సెక్రటరీకి అది చాలు. రెండు నెలలుగా తాడూ బ్లీచింగ్ పౌడరూ దగ్గర పెట్టుకుని ఈ రోజు కోసమే కాచుకుని ఉన్నాడు. మూడు నిమిషాల్లో మెట్లకు అడ్డంగా తాడు కట్టాడు, లిఫ్టు ఆపించాడు, "మూడో అంతస్తులో కేసు, ఎవరూ తలుపులు తీయొద్దు" అని గ్రూపులో మెసేజి పెట్టాడు. రెండో అంతస్తులో ఉండే కార్ఖానా సూపర్‌వైజరు మరదలు దాన్ని బావగారికి పంపింది.

అమ్మాయి తలకి తువ్వాలు చుట్టుకుని బయటికి వచ్చేసరికి సూపర్‌వైజరు ఫోను.

"నువ్వేం మాట్లాడకమ్మా, ఆయాసం వస్తుంది. మిషను సంగతి మర్చిపో. ఇంకొకరికి చెప్పేశాను. నువ్వు బతికితే చాలు."

"సార్! నాకేమైంది సార్?"

"అయ్యో పాపం, నీకు చెప్పలేదన్నమాట" అని పెట్టేశాడు.

అంతలో కింద సైరన్ మోగింది. నర్సు తల నుంచి కాలి దాకా తెల్లటి సూటులో సిలిండరు మోసుకుంటూ, తాడు కింద నుంచి దూరి, రెండో అంతస్తు దాకా వచ్చి మెట్ల మీద కూలబడింది. అమ్మాయి రెండేసి మెట్లు దూకుతూ దిగి, సిలిండరును భుజానికెత్తుకుంది.

"జాగ్రత్తమ్మా, బరువు! పేషెంటు ఎక్కడ?"

"నేనేనట. పదండి."

పైకి వెళ్లాక నర్సు తన సంచిలోంచి కొత్త గొట్టం తీసి ఊదమంది. నాలుగు వందల నలభై. ఇంకోసారి. నాలుగు వందల యాభై. మూడోసారి అమ్మాయి కోపం కొద్దీ ఊదింది. నాలుగు వందల డెబ్బై.

"మరి ఈ నూట ఎనభై ఎవరిది?"

నాన్న గోడ గడియారం వైపు చూశాడు. అమ్మ కొంగు మెలిపెట్టింది. "ఊదినవేనమ్మా..."

"ఎవరు ఊదినవి?"

"...నేను."

"అమ్మా! నా కుర్చీ పోయిందమ్మా నీ వల్ల!"

"కుర్చీ పోతే ఇంకోటి వస్తుందే. ఆరేళ్లప్పుడు నా ఒళ్లో నువ్వు ఊపిరాడక తన్నుకుంటుంటే, ఒక్కో ఊపిరీ లెక్కపెట్టాను నేను. తరవాతది వస్తుందో రాదో అని..."

నర్సు మాత్రం అమ్మనే కన్నార్పకుండా చూస్తోంది. "మీరు గట్టిగానే ఊదారా?"

"ఒంట్లో బలమంతా పెట్టి."

"మెట్లెక్కితే ఆయాసం వస్తుందా?"

"అది ఆయాసం కాదమ్మా, దీని మీద బెంగ."

"దగ్గు?"

"అదీ దీని మీద బెంగే."

"ఛాతీలో పిల్లికూతలు?"

"దీన్ని కన్నాక అవి కూడా రాకుండా ఉంటాయా?"

నర్సు ఆవిడ చేత మూడుసార్లు ఊదించి, డాక్టరుగారికి వీడియో కాల్ చేసింది; ఆయన దొరికేసరికి పదకొండున్నర దాటింది. ఆయన అంతా విని తేల్చేశారు. అమ్మాయి మాస్కు పెట్టుకుని, మందు జేబులో వేసుకుని పనికి వెళ్లొచ్చు. అమ్మకు ఏళ్ల నుంచి ఉబ్బసం ఉంది, మందన్నదే వేసుకోలేదు. గడప దాటకూడనిది ఆవిడే.

అమ్మాయి కోపం ఎటు పోయిందో, మొహం పాలిపోయింది. "అయితే నేనూ వెళ్లను. బస్సులోంచి ఏదో పట్టుకొచ్చి నీకు అంటిస్తే?"

అమ్మ కూతురి మొహంలోకి చూసింది. పిల్ల ఆలోచన బస్సెక్కి ఎక్కడికి బయల్దేరిందో ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గడియారం పన్నెండుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. చటుక్కున కూతురి ఫోను లాక్కుని సూపర్‌వైజరుకు చేసింది.

"బాబూ, దానికి ఏ రోగమూ లేదు. నాలుగు వందల డెబ్బై ఊదింది, నర్సమ్మ ఇక్కడే ఉంది, అడగండి. ఆ కుర్చీ దానికే ఇవ్వాలి మీరు!"

"ఇవ్వక ఏం చేస్తానండీ! నేను చెప్పిన మనిషి కేసు మాట విని, మీ అమ్మాయికి అనుకున్న ఆ మిషను ముట్టుకోనని మానేసింది. పంపించండి."

ఆ పూటే ఇల్లు రెండు ముక్కలైంది. లోపలి గది అమ్మకు, ముందు గది అమ్మాయికి. భోజనం తలుపు దగ్గర స్టూలు మీద పెట్టేది నాన్న. అమ్మ పొద్దునా సాయంత్రం మందు పీల్చేది.

సోమవారం అమ్మాయి వీధి చివరిదాకా వెళ్లేసరికి మాస్కు ముక్కు కిందికి జారింది. మూడో అంతస్తులో కిటికీ తెరుచుకుంది. అమ్మ, ఎన్నేళ్లకో, గుండెల నిండా ఊపిరి పీల్చుకుని ఒక్క కేక వేసింది: "మాస్కు! ముక్కు మీదికి!"

అమ్మాయితో పాటు పళ్లబండి అతనూ, గేటు దగ్గర సెక్రటరీ, అప్పుడే ఆగిన బస్సులోని జనమంతా మాస్కులు పైకి లాక్కున్నారు.

మందు పనిచేస్తోందని డాక్టరుగారికి వేరే ఫోను చేయాల్సిన అవసరం రాలేదు.