సొట్ట లోపలికి వెళ్లిన దారి

గుద్దింది ఎవరి బండినో అయితే బ్రేకు బాబాయి ఇంత బాధపడేవాడు కాదు. సొంత ఇంటి గేటు స్తంభాన్ని గుద్దాడు. తను దగ్గరుండి కట్టించుకున్న స్తంభం. పన్నెండేళ్లుగా రోజుకు నాలుగుసార్లు పక్కనుంచి పోతున్న స్తంభం. అదేమీ పరిగెత్తుకుంటూ రాలేదు. ఎక్కడ నిలబెట్టారో అక్కడే నిలబడి ఉంది.

బ్రేకు బాబాయి అన్నది వీధివాళ్లు పెట్టిన పేరు. ఎవరి బండి ఎక్కినా ఆయన పక్క సీట్లో కూర్చుని, కాలితో నేలను తొక్కుతూ, "బ్రేకు, బ్రేకు" అంటూనే ఉంటాడు. బస్సులో చివరి వరసలో కూర్చున్నా అదే గోల.

ఇంటి వెనక స్థలంలో ఆయన భార్య మొక్కలు పెంచి అమ్ముతుంది. వాటిని కొన్నవాళ్ల ఇళ్లకు చేర్చడం ఈయన పని. ఆ పాత పికప్ వ్యాను కొన్నది అందుకే. "నాకూ నేర్పండి, దగ్గర ఇళ్లకు నేనే వేసి వస్తాను," అని ఆవిడ బండి వచ్చిన రోజు నుంచీ అడుగుతోంది. "నీ చేతికిస్తే బండికి మూతి మిగలదు," అని ఈయన ఆ రోజు నుంచీ ఒకే జవాబు చెబుతున్నాడు.

అలాంటి మనిషి నిన్న మధ్యాహ్నం, ఆవిడ కుట్టు క్లాసుకు వెళ్లిన సమయంలో, పక్కింటి గుమాస్తాకు బండి తిప్పే విద్య చూపించబోయాడు. "రోడ్డు చూడక్కర్లేదండీ, చేతికే తెలిసిపోతుంది," అంటూ కిటికీలోంచి తల బయట పెట్టి, గుమాస్తా మొహంలో మెచ్చుకోలు కోసం వెతికాడు. అది కనబడే లోపే స్తంభం వచ్చేసింది.

బంపరు నడుం విరిగింది. ముందు జాలీకి పళ్లు రాలాయి. కుడి హెడ్‌లైటు ఆకాశంకేసి చూడసాగింది. బానెట్ మాత్రం తెరిచిన నోరు మూయనంది.

"చేతికి తెలిసిందాండీ?" అని గుమాస్తా మర్యాదగా అడిగి, లోపలికి వెళ్లిపోయాడు.

బాబాయికి భార్య గుర్తొచ్చింది. ఆవిడ చూస్తే ఒక్క మాట కూడా అనదు. అదే భయం. తాళంచెవి కోసం చెయ్యి చాపుతుంది, ఇవ్వనని చెప్పడానికి ఇక తన దగ్గర మూతి ఉండదు, బండిదీ తనదీ రెండూ. ఆవిడకు తెలిసేలోపు బాగుచేయించి తీరాలనుకున్నాడు. వెంటనే టార్పాలిన్ తెచ్చి బండి ముందు భాగానికి కప్పేశాడు.

"ఏమిటండీ, బండికి ముసుగేశారు?" ఆవిడ వస్తూనే అడిగింది.

"మంచు పడుతుందని."

"ఈ ఎండల్లోనా?"

"దుమ్ము అన్నాను."

"మంచు అన్నారు."

"మంచులాంటి దుమ్ము లే."

"వెనక వైపు పడదా?"

"వెనక దానికి అలవాటే."

ఆవిడ ముసుగు వంక ఒకసారి, మొగుడి వంక రెండుసార్లు చూసి లోపలికి వెళ్లింది.

తెల్లవారగానే బాబాయి రంగంలోకి దిగాడు. లోపలికి నొక్కింది స్తంభమే కాబట్టి బయటికి లాగాల్సింది కూడా స్తంభమే అని ఆయన లెక్క. పెరట్లో బట్టలారేసే తాడు విప్పుకొచ్చి, ఒక కొస బంపరుకి, ఒక కొస స్తంభానికి బిగించి, బండిని వెనక్కి పోనిచ్చాడు. బండి వచ్చింది. బంపరు రాలేదు, స్తంభం దగ్గరే ఉండిపోయింది.

"ఏమిటా చప్పుడు?" వంటింట్లోంచి గొంతు వచ్చింది.

"టైరుకి గాలి కొడుతున్నా."

"అంత కోపంగా కొట్టకండి, పాపం."

ఊడిన బంపరును అదే తాడుతో కట్టేశాడు. గోడలకు పూసే లప్పం ఇంట్లో మిగిలి ఉంటే, సొట్టల్లో దట్టంగా మెత్తాడు. ఎండకు అది పెచ్చులు పెచ్చులుగా లేచింది. సగం గడ్డం గీయించుకుని మంగలి దగ్గరనుంచి పారిపోయి వచ్చినవాడి మొహంలా తయారైంది బండి. ఇక లాభం లేదనుకుని, ఆవిడ మధ్యాహ్నం క్లాసుకు బయల్దేరి వెళ్లాక, బండిని ఊరి చివర రేకుల షెడ్డుకు తోలుకెళ్లాడు.

ఆ షెడ్డు ముక్తసరి మేస్త్రీది. సొట్టలు తీయడంలో అతన్ని మించినవాడు లేడు. నోరు విప్పడం మాత్రం అరుదు. బల్ల మీద నలుగురు తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. మేస్త్రీ బండి చుట్టూ ఒక చుట్టు తిరిగి, లప్పాన్ని గోటితో గీకి చూసి, బాబాయి వైపు తిరిగాడు.

"ఎవరు గుద్దారు?"

"ఎవరైతే ఏం లెండి, సొట్ట తీసేయండి."

"అలా కుదరదు. రేకు ఏ దారిన లోపలికి పోయిందో ఆ దారినే బయటికి రావాలి. మొదట ఏది తగిలింది, బండి ఎటు తిరుగుతోంది, ఎంత జోరు మీదుంది, అన్నీ తెలియాలి. ఆఖరున పడ్డ మడత ముందు తీయాలి. తోచినట్టు బాదితే రేకు చిరుగుతుంది. నడిపిన మనిషి చెబితేనే నేను సుత్తి పడతాను."

ఆ నెలలో మేస్త్రీ అంత మాట్లాడటం అదే మొదలు. బల్ల మీది నలుగురూ బాబాయి జవాబు కోసం చూస్తున్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"మా ఆవిడ," అన్నాడు.

నోరు జారిందనడానికి లేదు. తెలిసే అన్నాడు. బల్ల మీదివాళ్లు అయ్యో అన్నట్టు తలలూపేసరికి ప్రాణం లేచొచ్చింది. ఇక ఆగలేదు. "సాయంత్రం ఎండ కళ్లలో పడింది. బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కేసింది. పక్కనుంచి నేను బ్రేకు, బ్రేకు అని మొత్తుకుంటూనే ఉన్నా. వింటేగా."

నలుగురూ నవ్వారు. మేస్త్రీ నవ్వలేదు.

"ఆవిడకు ఎవరు నేర్పారు?"

"ఎవరు నేర్పితే మాత్రం వస్తుందండీ?"

"వస్తుంది. నా దగ్గర ఒకావిడ రెండు నెలలుగా నేర్చుకుంటోంది. రేపు లైసెన్సు పరీక్ష. నేర్పినవాడి సంతకం లేనిదే పరీక్షకు రానివ్వరు, ఇవాళ పెడుతున్నా. అదిగో, వస్తోంది చూడండి."

షెడ్డు వెనక ఆవరణలోంచి ఒక పాత జీపు వెనక్కి నడుస్తూ వచ్చింది. అటూ ఇటూ వరసగా నిలబెట్టిన ఖాళీ డ్రమ్ముల్లో ఒక్కదాన్నీ తాకకుండా వచ్చి, పికప్ పక్కన జానెడు దూరంలో నెమ్మదిగా ఆగింది. "భలే," అన్నాడు బాబాయి తనకు తెలియకుండానే.

జీపులోంచి ఆయన భార్య దిగింది.

కుట్టు క్లాసు ఇక్కడికి మార్చారేమో అన్న ఆలోచన మొదట వచ్చింది ఆయనకు. రెండు నెలలుగా ఇంట్లో ఒక్క దిండు గలీబైనా తయారు కాలేదన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది.

ఆవిడ బండిని చూసింది. బంపరుకి కట్టిన తాడును గుర్తుపట్టింది. ఆ తర్వాత ఆయన్ని చూసింది.

"చూడమ్మా, ఇది ఈయన భార్య చేసిన పని. బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కిందట," అన్నాడు మేస్త్రీ.

"ఈయన భార్యను నేనేనండీ, మేస్త్రీ గారూ."

మేస్త్రీ జేబులోంచి తీసిన పెన్నును మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "అమ్మా, ఈ మాట నిజమైతే నేను సంతకం పెట్టలేను. రేపు రోడ్డు మీద మనిషి అడ్డం వస్తే? నిజమేనా?"

"ఆయన చెప్పారా?"

"చెప్పారు."

"అయితే నిజమే అయ్యుంటుంది. బండి విషయంలో ఆయన అబద్ధం చెప్పరు."

వెటకారం ఉందేమోనని బాబాయి ఆ గొంతులో వెతికాడు. దొరకలేదు. మేస్త్రీ కాగితాన్ని మడిచాడు. దాని మీద ఆవిడ ఫొటో ఉంది. కొత్త ఫొటో. ఎప్పుడు దిగిందో, ఎవరిని తోడు తీసుకెళ్లిందో ఆయనకు తెలియదు. ఆవిడ సంచీ భుజాన వేసుకుని గుమ్మం వైపు నడిచింది. బాబాయికి పుట్టి బుద్ధెరిగాక అంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు. స్తంభాన్ని గుద్దినప్పుడు వేసిన సిగ్గు దీని ముందు ఏపాటి.

"మేస్త్రీ గారూ, గుద్దింది నేను," అన్నాడు.

"కాస్త గట్టిగా చెప్పండి, ఇటువైపు వినబడలేదు," అన్నాడు బల్ల మీది ఒకాయన.

"నేనే గుద్దాను. ఆ సమయానికి ఆవిడ ఇంట్లోనే లేదు."

మేస్త్రీ సుత్తి చేతికి తీసుకున్నాడు. "అప్పుడు కళ్లెక్కడున్నాయి?"

"పక్కింటి గుమాస్తా మొహం మీద."

"చేతులు?"

"ఒకటి స్టీరింగు మీద. ఇంకోటి గాల్లో."

"కాలు?"

బాబాయి తన కుడికాలి వంక చూసుకున్నాడు. "యాక్సిలరేటర్ మీద. బ్రేకు అనుకున్నా."

ఈసారి బల్ల మీది నలుగురూ నవ్వలేదు. తలలు దించుకుని తమ చెప్పులు చూసుకున్నారు. నవ్వినా బాగుండేదనిపించింది ఆయనకు. మేస్త్రీ కాగితం విప్పి సంతకం పెట్టి, ఆవిడను వెనక్కి పిలిచి చేతికిచ్చాడు. తర్వాత బానెట్ దగ్గర మొదలుపెట్టి, ఒక్కో మడతా తీస్తూ సొట్ట దాకా వెళ్లాడు. సాయంత్రానికి బంపరు తిన్నబడింది, బానెట్ నోరు మూసింది. లైటుకీ రంగుకీ ఇంకో రోజు రమ్మన్నాడు. తాళంచెవి మాత్రం ఎవరూ అడక్కుండానే మేస్త్రీ ఆవిడ చేతిలో పెట్టాడు.

బాబాయి పక్క సీట్లో ఎక్కాడు. సగం దారి వచ్చాక అడిగాడు.

"గుద్దింది నేను కాదని ఒక్క మాట అంటే సరిపోయేదిగా."

"సరిపోయేది."

"మరెందుకనలేదు?"

"మీరంటారో లేదో చూద్దామని."

"అనకపోయి ఉంటే?"

ఆవిడ గేరు మార్చింది. "సంతకం లేకుండా ఇంటికొచ్చేదాన్ని. ఎప్పట్లాగే వండి పెట్టేదాన్ని. మీరు చెప్పిన మాట మాత్రం ఈ జన్మలో మళ్లీ నమ్మేదాన్ని కాదు."

ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. అటే చూస్తూ, "ఇప్పుడు నమ్ముతావా?" అని అడిగాడు.

"సగం నమ్ముతా. ఆదివారం మా అక్కావాళ్లు వస్తున్నారు. నా చేతికిస్తే మూతి మిగలదని వాళ్ల ముందు ఎన్నిసార్లన్నారో మీకు గుర్తులేకపోవచ్చు, నాకుంది. వాళ్లకు కూడా ఒకసారి చెప్పండి."

ఆదివారం దాకా ఆ బరువు మోయడం తన వల్ల కాదనుకుని, ఇంటికి చేరగానే బాబాయి ఫోను తీశాడు. ఆవిడ చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి వింటోంది.

"వదినా, మన బండి స్తంభానికి గుద్దుకుంది," అన్నాడు.

"అయ్యో, మా చెల్లికి దెబ్బలేం తగల్లేదు కదా?" అంది వదినగారు. "పాపం, దాని చేతికి ఇవ్వకూడదని మీరు ఎప్పటినుంచో చెబుతూనే ఉన్నారు, మరిది గారూ."

బాబాయి గుమ్మంలో ఉన్న భార్య వైపు చూడలేకపోయాడు. "తను కాదు వదినా, నేను," అంటూ మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు.