తాడూ బొంగరం లేని ప్రయాణం

తాడు అనేది అనాగరికం! పాడైన బండిని తాడు కట్టి లాక్కెళ్లేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. వైర్‌లెస్ టోయింగ్ వచ్చాక కూడా ఇదేం ఖర్మ? ముందు బండి ఎటు తిరిగితే వెనక బండి అటు తిరుగుతుంది, అది ఆగితే ఇదీ ఆగుతుంది. మధ్యలో ముడి లేదు, గొలుసు లేదు.

ఇందులో నా సొంత సంతోషం కూడా ఉంది. పెళ్లికి ముందు మా మామగారు నన్ను "తాడూ బొంగరం లేనివాడు" అని తేల్చేశారు. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి, చేతికి తగలనిదేదీ నమ్మరు. వారానికోసారి పత్రికలో రాసుకునే అల్లుడు ఆయనకేం ఆనతాడు? ఇన్నాళ్లకు సైన్సు నా వైపు నిలబడింది. తాడు లేకపోవడం లోపం కాదండీ, ఫీచర్!

ఈ మాటే కిందటి వారం ఇక్కడే రాశాను. ఎవరైనా మన బండిని లాక్కుపోతారేమోనని భయపడేవాళ్లకు, ఫోన్‌లో పాస్‌వర్డ్ కొట్టందే ఏ బండీ మనదానికి జత కాదని ధైర్యం చెబుతూ, "నా పాస్‌వర్డ్ నాలుగు సున్నాలు. చిన్నప్పుడు నాకొచ్చిన లెక్కల మార్కులే కాబట్టి మరిచిపోయే భయం లేదు" అని కూడా రాశాను. నా కాలమ్ ఎవరూ చదవరని మా ఎడిటర్ అంటూంటారు. ఆ భరోసాతోనే రాశాను.

సోమవారం మామగారికి కంటి ఆపరేషన్. ఒక కన్ను ఎప్పుడో పోయింది, ఉన్న రెండోదానికి శుక్లం. పదింటికల్లా ఆస్పత్రిలో ఉండాలి, తప్పితే మళ్లీ మూడు నెలల దాకా తేదీ లేదు.

సరిగ్గా ఆ పొద్దునే నా కారు ముందు కెమెరా చెడిపోయింది. కెమెరా లేకపోతే ఈ కారు స్టీరింగ్ నా చేతికివ్వదు. ఇంకో బండి వెనక నడవమంటే మాత్రం బుద్ధిగా నడుస్తుంది.

"మీ కారు ఇక్కడే పడుండనివ్వండి, అందరం నా కార్లో పోదాం" అంది మా ఆవిడ. బుర్ర ఉన్నవాడెవడైనా సరేననేవాడు. కానీ కాలమ్ రాసినవాడి పరువేం కావాలి? మరమ్మతు షెడ్డు కూడా ఆస్పత్రి దారిలోనే ఉంది! నా కారును ఆవిడ కారుకు జత చేశాను. మామగారు నా పక్కన ఎక్కి కూర్చున్నారు.

"బండికి కళ్లు లేవంటున్నారు కదా అల్లుడుగారూ, రోడ్డు ఎవరో ఒకరు చూడాలిగా" అన్నారు.

పెద్ద సిగ్నల్ దాకా హాయిగా సాగింది. నేను స్క్రీన్ మీద "కనెక్షన్ బాగుంది" అన్న పచ్చ అక్షరాలనే మురిపెంగా చూసుకుంటున్నాను. సిగ్నల్ దాటాక మామగారు కళ్లు చికిలించారు.

"అమ్మాయి కారు ఇంత ఎత్తు ఎప్పుడైంది?"

"మీకు శుక్లం కదా మామయ్యగారూ, అలాగే కనిపిస్తుంది."

ఫోన్ మోగింది. మా ఆవిడ.

"ఎక్కడున్నారు?"

"నీ వెనకే!"

"నా వెనక చెత్తబండి ఉంది!"

అప్పుడు తలెత్తి చూశాను. మా ముందు పరుపుల వ్యాన్! కొత్త బండి లాగడం మొదలుపెడితే పాతదాని పట్టు దానంతటదే ఊడిపోతుందట. ఎంత వీలు! బ్రేక్ తొక్కాను. ముందు బండి తొక్కితేనే నా బ్రేక్ పడుతుందని అప్పుడు గుర్తొచ్చింది. నాకు నిజంగా భయమేసింది.

వ్యాన్ ఒక మలుపు దాటింది. దాని వెనక ఖాళీ చూసి, పాపను చంకనేసుకున్న ఒకావిడ రోడ్డు మీదికి అడుగేసింది. ఆవిడ తప్పేముంది? తాడు కనిపిస్తే ఆగేది. లేని తాడు ఎవరికి కనిపిస్తుంది? జత విడగొట్టే బటన్ వెతుకుతూ నా చూపున్న కళ్లు రెండూ మళ్లీ స్క్రీన్ మీదే ఉన్నాయి.

"చెయ్యి తియ్యరా!"

మర్యాద మరిచి అరుస్తూ మామగారు నా చేతిని పక్కకు తోసి, మా ఇద్దరి మధ్యనున్న హ్యాండ్‌బ్రేక్ లివర్‌ను రెండు చేతులతో పైకి గుంజారు. కారు కీచుమని ఆవిడకు జానెడు దూరంలో ఆగింది. ఆవిడ పాపను గట్టిగా హత్తుకుని మమ్మల్ని ఒక్క చూపు చూసి వెళ్లిపోయింది. ఆ చూపు నేను మరిచిపోలేను.

వ్యాన్ డ్రైవర్ పరిగెత్తుకొచ్చాడు. ఫోన్‌లో నా బండి పేరు కనిపించిందట. దానికి నా కాలమ్ పేరే పెట్టుకున్నాను లెండి.

"సార్, మీరేనా? ప్రతి వారం చదువుతాను సార్! నాలుగు సున్నాలు నిజమా, జోకా అని ఊరికే కొట్టి చూశాను. ఇలా అవుతుందనుకోలేదు సార్..."

అతనికి ఏడుపొక్కటే తక్కువ. నాకు పాఠకుడున్నాడన్న శుభవార్త ఇలా తెలిసింది.

పరుపులు కట్టే తాడుతోనే నా కారును వ్యాన్‌కు కట్టాడు. ముడి ఎలా వెయ్యాలో మామగారు దగ్గరుండి చెప్పారు. నా కారు వైర్‌లెస్ బుర్ర ఆపేసి, దాంతో వదులైన స్టీరింగ్ నేను పట్టుకుని, హ్యాండ్‌బ్రేక్ లివర్ ఆయన చేతిలో పెట్టి, నెమ్మదిగా ఆస్పత్రికి చేరాం. పదీ ఇరవై అయింది. గేటు దగ్గర కాచుకున్న మా ఆవిడ ముందు వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని కిందికి దింపింది. నర్సు తిట్టాల్సినవన్నీ తిట్టి ఆయన్ను లోపలికి తీసుకెళ్లింది.

కంపెనీకి ఫిర్యాదు రాశాను. ఎంత మర్యాదగా జవాబిచ్చారో! పాస్‌వర్డ్ బాధ్యత నాదేనట, అందుకు ఒప్పుకుని "అంగీకరిస్తున్నాను" అని నొక్కానట. నిజమే, నొక్కాను. పేపర్‌లో కూడా అచ్చేయించాను. కానీ నాలుగు సున్నాలు పెట్టుకుంటానంటే సరేనన్నదెవరు? అడుగేసేవాళ్లకు కనిపించేలా ఒక దీపమైనా వెలిగించని బండిని రోడ్డెక్కించిందెవరు? అన్నింటికంటే, పాపను ఎత్తుకున్న ఆవిడ ఏం నొక్కిందండీ?

దీనికింకా జవాబు రాలేదు.

కట్టు విప్పిన రోజు మామగారు నన్ను తేరిపార చూశారు. తర్వాత మంచం కింద నుంచి ఒక కొత్త తాడు చుట్ట తీసి నా చేతిలో పెట్టారు.

"కారులో ఉంచుకోండి అల్లుడుగారూ. ఇక తాడుకు లోటు లేదు. బొంగరం అంటారా, మీరున్నారుగా!"