పదకొండున్నర ఆలోచన

మెదడు నమోదు పరీక్షలో యంత్రం మనిషి ఆలోచనను, అది అతనికి రావడానికి పది నిమిషాల ముందే అచ్చు వేస్తుంది కాబట్టి, పరీక్షకు వచ్చేవారు తలకు నూనె రాసుకోకూడదు, పిన్నులు పెట్టుకోకూడదు, రాబోయే ఆలోచనలు చదివి సంతకం చేయాలి.

సెక్టారుకు ఒకరు చొప్పున అంగన్‌వాడీ టీచర్లను ఈ పరీక్షకు పంపమని ఉత్తర్వు వచ్చింది. ఈసారి వంతు సన్యాసమ్మది. భర్త రామునాయుడు ఆమెను బండి మీద తీసుకొచ్చి, తలుపు బయట బెంచీ మీద కూర్చున్నాడు. తేడా ఆలోచన ఏదైనా వస్తే దాని నకలు వెంట వచ్చినవారికి ఇస్తామని గోడ మీద రాసి ఉంది.

టెక్నీషియన్ ఫిలోమినా ఆమె తలకు వైర్ల టోపీ తొడిగి, ఒక్కో రంధ్రంలో చల్లని జిగురు వేసింది. కదలవద్దని, పళ్లు కొరకవద్దని చెప్పింది. మొదటి కాగితాల్లో గుడ్ల లెక్క, పిల్లల బరువులు వచ్చాయి. సన్యాసమ్మ సంతకాలు చేసింది. పదకొండూ ఇరవైకి ఇంకో కాగితం వచ్చింది.

“11.30: ఆయనతో ఇంటికి వెళ్లాలంటే భయంగా ఉంది.”

సన్యాసమ్మ తలుపు వైపు చూసింది. “ఇది నానింకా అనుకోనేదమ్మా. కొట్టీండి.”

“కొట్టేయడం కుదరదక్కా. అనుకోకుండా ఉండగలిగితే ఉండండి.”

ఆమె ప్రయత్నించింది. పిల్లల పేర్లు హాజరుపట్టీ వరసలో తలుచుకుంది. కందిపప్పు మరిగే వాసన తలుచుకుంది. బయట రామునాయుడు దగ్గాడు. ఆమె పేర్లు తప్పి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. గడియారం పదకొండున్నర చూపినప్పుడు యంత్రం చిన్నగా చప్పుడు చేసింది. చెప్పిన ఆలోచన చెప్పిన వేళకే వచ్చింది.

సన్యాసమ్మ ఫిలోమినా చేయి పట్టుకుంది. ఆ కాగితం ఆయనకు ఇవ్వవద్దని, ఇస్తే ఏమవుతుందో తనకు తెలుసని చెప్పింది.

ఇవ్వనవసరం లేదని ఫిలోమినా అంది. ఈ వాక్యం వారంలో నలభై, యాభై మందికి వస్తోంది. పోయిన ఏడాదే దీన్ని తేడాల జాబితాలోంచి తీసేశారు. ఆమె సొరుగులోంచి రబ్బరు స్టాంపు తీసి కాగితం మీద గుద్దింది. “సాధారణం” అని పడింది. వాడగా వాడగా స్టాంపు అక్షరాలు సగం అరిగిపోయాయి.

సన్యాసమ్మ ప్రాణం కుదుటపడింది. సంతకం చేసి, జుట్టులో జిగురు తుడుచుకుని బయటికి వచ్చింది.

“ఏటన్నారు?” అని రామునాయుడు అడిగాడు.

“అంతా మామూలేనట” అని చెప్పి ఆమె బండెక్కింది.