మా వ్యాను నెత్తిన తుప్పు చల్లగా ఉండాలి!

తుప్పును తిట్టేవాళ్ళంత కృతఘ్నులు ఈ లోకంలో మరొకరు లేరని బల్లగుద్ది చెబుతాను. బల్ల చెక్కది కాబట్టి ధైర్యంగా గుద్దుతున్నాను. మా వ్యానునైతే వేలితో కూడా తట్టను.

మీరే చెప్పండి! పిలవకపోయినా వచ్చి, సెలవు అడక్కుండా, ఆదివారం కూడా పని మానకుండా, పట్టుకున్న రేకును కడదాకా నమిలేసే ఉద్యోగి మీ ఆఫీసులో ఒక్కరైనా ఉన్నారా?

ఇంతటి భాగ్యం మాకు మా బావమరిది చలవ వల్ల దక్కింది. మా ఆవిడ కర్టెన్లు కుడుతుంది. మిషన్ తొక్కి తొక్కి, మోకాళ్ళు అరగదీసుకుని, సొంతంగా ఒక వ్యాను కొనుక్కుంది. పొడుగాటి కర్టెన్ రాడ్లు లోపల పట్టడం లేదని టాపు మీద క్యారియర్ బిగించాల్సి వచ్చింది. టింకరింగ్ మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్తానన్నాను.

"బయటివాళ్ళెందుకండీ, మా తమ్ముడున్నాడుగా!" అంది మా ఆవిడ. తమ్ముడు అప్పటికే డ్రిల్లింగ్ మెషిన్‌తో గుమ్మంలో ఉన్నాడు.

చేతిలో డ్రిల్లింగ్ మెషిన్ ఉన్న మనిషికి ప్రపంచమంతా బెజ్జాలు చాలక బాధపడుతున్నట్టే కనిపిస్తుంది. మా హాల్లో ఒక్క అద్దం తగిలించిన పాపానికి గోడ జల్లెడైంది. ఇక వ్యాను టాపు ఒక లెక్కా? బర్రుమని పెట్టుకుంటూ పోయాడు. పెట్టిన చోటల్లా రంగు లేచిపోయి, లోపలి రేకు తళతళమంది.

"ప్రైమర్ లాంటిదేదో పూయాలేమో కదా?" అని నసిగాను.

"ఎందుకు బావా! పైన బోల్టు కూర్చుంటుందిగా. దాని కింద ఏముందో ఎవడు చూడొచ్చాడు?" అని బిగించేశాడు.

"వాడు అంత కష్టపడుతుంటే మీరు వంకలు పెడతారేంటి!" అని మా ఆవిడ తమ్ముడికి కాఫీ ఇచ్చింది. నాకోసం కలిపిన కప్పు కూడా వాడికే ఇచ్చింది.

తొలి వానకు బోల్టుల చుట్టూ ఎర్రటి ఉంగరాలు మొలిచాయి. మరి కొన్ని వానలకు ఉంగరాలు గాజులయ్యాయి. ఆ తర్వాత రంగు బుడగలు లేచి, పెచ్చులూడి, టాపుకు కిటికీలు ఏర్పడ్డాయి. ఎంత వెలుతురు! ఎంత గాలి! బయట వాన పడుతోందా లేదా అని మీరు ఫోన్లో వెతుక్కుంటారు. మాకు ఆ కబురు డ్రైవర్ సీట్లోనే, నడినెత్తి మీదే అందుతుంది.

దొంగల భయం? మచ్చుకైనా లేదు! పార్కింగ్‌లో పక్క కారు అద్దాలు విప్పుకుపోయిన మహానుభావుడు మా వ్యానును చూసి, చేతులాడక వదిలేశాడు. ఎంతైనా మనసున్నవాడు.

ఒక్కరోజు మాత్రం నా భక్తి సడలింది. ఒక క్లినిక్ కోసం మా ఆవిడ కుట్టిన తెల్లటి కర్టెన్ల మీద దారిలోనే తుప్పు నీళ్ళు కారాయి. మచ్చలున్నవి మాకొద్దని క్లినిక్ వాళ్ళు తిప్పి పంపారు. ఈసారి పాడైతే ఆర్డరు ఇంకొకరికి ఇచ్చేస్తామని కూడా అన్నారు. ఆమె పెరటి గట్టు మీద కూర్చుని సబ్బు పెట్టి రుద్దుతూనే ఉంది. మచ్చ పోలేదు.

అయినా తమ్ముణ్ణి పల్లెత్తు మాట అనలేదు. "పాపం, వాడికేం తెలుసండీ? తెలియక చేశాడు" అంది. నేనూ నోరు కుట్టేసుకున్నాను. తెలియనివాణ్ణి ఏమంటాం?

పోయిన వారం తమ్ముడు కొత్త కారు కొన్నాడు. చూపించడానికి మా ఇంటికే తెచ్చాడు. టాపు మీద సైకిల్ స్టాండు బిగించాలట. చేసిన మేలుకు బదులు తీర్చుకోవద్దూ? అతని మెషినే అందుకుని బర్రుమనిపించాను. అదింకా కారుకు జానెడు దూరంలోనే ఉంది.

"బావా! ఆగండాగండి!" అని రెండు చేతులూ చాపి కారుకు అడ్డంపడ్డాడు. "అలా పెట్టేస్తారేంటి! ముందు టేపు అంటించాలి. బెజ్జం పెట్టాక అంచులు ఆకురాయితో నున్నగా రుద్దాలి. రాలిన ఇనప రజను ఒక్క పిసరు కూడా మిగలకుండా తుడవాలి, లేకపోతే అదే ముందు తుప్పు పడుతుంది. ఆ తర్వాత ప్రైమర్. అది ఆరాక రంగు. అదీ బాగా ఆరాక రబ్బరు వాషరు పెట్టి బోల్టు బిగించి, చుట్టూ సిలికాన్ పట్టించాలి. ఒట్టి రేకు మీద బిగిస్తే బండి ఏమైపోతుంది!"

నేను మెషిన్ ఆపాను. వెనకాల మా ఆవిడ, తమ్ముడి కోసం తెస్తున్న కాఫీ కప్పుతో నిలబడిపోయింది.

"ఇవన్నీ ఎప్పుడు నేర్చుకున్నావురా?" అంది నెమ్మదిగా.

"నేర్చుకునేదేముందక్కా, డ్రిల్లు పట్టినవాడికి ఎవడికైనా తెలిసిందేగా!" అన్నాడు గర్వంగా. అనేశాక, పక్కనే ఉన్న మా వ్యాను మీద అతని చూపు పడింది.

మా ఆవిడ ఆ కప్పు తెచ్చి నా చేతిలో పెట్టింది.

మర్నాడు పొద్దున్నే తమ్ముడు ప్రైమర్ డబ్బాతో గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. "నువ్వు కూర్చోరా" అని, మా ఆవిడ వ్యాను తాళాలు నాకిచ్చింది. "ఏమండీ, మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళండి."

ఇన్నేళ్ళ కాపురంలో నా నోరు చెప్పలేని మాట తుప్పు చెప్పింది. అది దీవెన కాకపోతే మరేమిటి?

మీ బండికి బెజ్జం పెట్టించాలంటే నిశ్చింతగా మా బావమరిదినే పిలవండి. తుప్పు పట్టకుండా ఏం చెయ్యాలో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కాకపోతే ఆ బండి తనదే అనుకునేలా మాత్రం జాగ్రత్తపడండి!