లీకు లేని పైపు

కోరుట్ల గుట్ట బస్తీకి మంచినీళ్ల ట్యాంకు తయారైంది. పైపులు పడ్డాయి, నల్లాలు బిగించారు, మోటారు కూడా తిరిగింది. ఇక తక్కువైంది ప్రారంభోత్సవం ఒక్కటే. రిబ్బను కత్తిరించని ట్యాంకు నీళ్లు తాగితే జనానికి ఏమవుతుందో శాస్త్రం చెప్పలేదు గానీ, వాటిని వదిలిన ఇంజనీరుకు ఏమవుతుందో జగిత్యాలలోని పై ఆఫీసు స్పష్టంగా చెప్పింది.

కత్తిరించాల్సినవారు నాయకులు జలపతి గారు. ఆయన ఇంకా తెలంగాణ కోసం పదవికి రాజీనామా చేయలేదు కనుక, ఊళ్లో అడుగు పెట్టనివ్వరాదని ఉద్యమ జేఏసీ తీర్మానించింది. ఇంజనీరు మునావర్ దీక్షా శిబిరానికి వెళ్లి, ఒక్క అరగంట ఆయన్ని రానివ్వండని బతిమాలాడు. కన్వీనర్ రాజమౌళి మైకు అందుకున్నాడు.

"మన కొట్లాటే నీళ్ల కోసం! గసొంటి నీళ్లను ద్రోహి చేతుల మీదికెళ్లి తాగుతమా? దూపకు సత్తం గని తాగం!"

అని గర్జించి, వాటర్ ప్యాకెట్ కొరికి గొంతు తడుపుకున్నాడు. శిబిరం చప్పట్లతో మారుమోగింది.

బస్తీలో కొమురవ్వ ఖాళీ బిందెతో మునావర్‌కు ఎదురొచ్చింది.

"నల్లా పెట్టి మూడు నెల్లాయె సారూ. బోరింగు కాడికి నడిచి నడిచి మోకాళ్లు పోయినయి. గా నల్లాకు దండం పెట్టుకోవాల్నా?"

మునావర్‌కు సిగ్గేసింది. ఇంటికెళ్లి నిబంధనల పుస్తకం తిరగేశాడు. లీకులు కనిపెట్టే పరీక్ష కోసం పైపుల్లో నీళ్లు వదలవచ్చునట. ఎన్నాళ్లు? లీకులు పోయేదాకా. మర్నాడు పొద్దున్నే పరీక్ష మొదలైంది. బస్తీ యావత్తూ బిందెలతో సహకరించింది.

చిక్కల్లా ఒకటే. లీకు లేదని రాస్తే పరీక్ష ముగుస్తుంది, నీళ్లు ఆగుతాయి. ప్రతి జాయింటూ తాను దగ్గరుండి బిగింపించిన పైపు అది, చుక్క కారదు. అయినా రోజూ రిజిస్టర్లో "లీకు ఉంది, పరీక్ష కొనసాగుతోంది" అని రాసి సంతకం పెట్టేవాడు. కన్నబిడ్డ మీద చాడీలు చెప్పినంత బాధయ్యేది. సకల జనుల సమ్మెలో ఆఫీసులూ బస్సులూ ఆగాయి గానీ, లీకు మాత్రం సమ్మెకు దిగలేదు.

ఏడు నెలలకు జలపతి గారు రాజీనామా చేశారు. అది ఆమోదం పొందలేదు. కాబట్టి ఉద్యమకారుడిగా దండ, పదవిలో ఉన్నవారిగా కత్తెర, రెండూ ఆయనకే దక్కాయి. ఆ పొద్దున్నే మునావర్ రిజిస్టర్లో "లీకు లేదు" అని రాసి పరీక్ష ముగించాడు. రాజమౌళి రిబ్బను పట్టుకున్నాడు.

"ఏడు నెలల సంది కారిన పైపు నా చెయ్యి పడంగనే ఆగింది! గిట్లాంటి పైపులేసిన ఇంజనీరును సిరిసిల్లకు పంపుతున్న!" అన్నారు జలపతి గారు.

ఏడు నెలల రిజిస్టరు, నిందితుడి సొంత సంతకాలతో, పక్కనే ఉంది. ఇందులో ఎవరి తప్పూ లేదని పాఠకులు గమనించగలరు.

సిరిసిల్ల బస్సు కోసం నిలబడ్డ మునావర్‌ను కొమురవ్వ వెతుక్కుంటూ వచ్చింది. సద్దిమూట చేతిలో పెట్టి కళ్లు తుడుచుకుంది.

"మనిషివైతె శాన మంచోనివి కొడుకా. జర ఆడనన్న పైపులు సక్కగెయ్యి."