ఏడు ఎంబీలు, యేసమ్మ మంచం

ఎవరేమన్నా అనుకోండి, ఈమెయిల్‌కు బరువు హద్దు పెట్టినవాళ్లకు చేతులెత్తి మొక్కాల్సిందే!

బియ్యానికి కొలత ఉంది. గ్యాస్ సిలిండర్‌కు తూకం ఉంది. మనిషి గోడుకు మాత్రం ఎందుకు ఉండకూడదు? ఎవరి బాధ ఎంతుంటే అంతా మూటగట్టి పంపేస్తే, అవతల చదివేవాళ్లు ఏమైపోవాలి?

శంషాబాద్‌లోని రన్‌వే రెసిడెన్సీ వాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. అక్కడి అసోసియేషన్‌కు సొంత మెయిల్ సర్వర్ ఉంది. మన కాంపౌండ్ గొడవలు బయటి కంపెనీల కంప్యూటర్లలో ఎందుకు పడుండాలని, సెక్రటరీ నరసరాజుగారు వీడియోలు చూసి నేర్చుకుని స్వయంగా పెట్టారు. నీళ్ల మోటారు గదిలో, ప్లాస్టిక్ స్టూలు మీద, దసరాకు పెట్టిన బొట్టుతో అది గుయ్యిమంటూ ఉంటుంది.

నరసరాజుగారు ఎయిర్‌పోర్టులో చెక్-ఇన్ కౌంటర్ల మీద సూపర్‌వైజర్. వచ్చే మెయిల్‌కు ఎంత హద్దు పెట్టాలన్న ప్రశ్న ఎదురైతే ఇంకొకరు తల గోక్కునేవారు. ఆయన క్షణం ఆలోచించలేదు. విమానంలోకి చేతిసంచి ఏడు కిలోలు. మెయిల్‌కు ఏడు ఎంబీలు!

దానికి తోడు ఒక నిబంధన. ఫిర్యాదు మెయిల్‌లోనే చెయ్యాలి, ఫొటో తప్పనిసరి. నోటిమాట చెల్లదు.

ఇక చూడండి ఆ అపార్ట్‌మెంట్‌లో ప్రశాంతత! లిఫ్ట్ ఆగినా చప్పుడు లేదు. డ్రైనేజీ పొంగినా పలుకు లేదు. ఈరోజుల్లో ఫోన్‌తో ఫొటో తీస్తే ఆరేడు ఎంబీలకు తగ్గదు కదా, అన్నీ వెళ్లినదారినే వెనక్కి వచ్చేవి.

ఒక్క సునీల మాత్రం ఈ వరాన్ని అర్థం చేసుకోలేకపోయింది.

సునీలది రెండో అంతస్తు. వాళ్లమ్మ యేసమ్మ పడుకునే గదిలో స్లాబ్ ఉరుస్తోంది. మొదట అరచేయంత మరక. తర్వాత సున్నం ఉబ్బింది. తర్వాత సన్నటి పగులు ఒకటి ఫ్యాను దగ్గర బయలుదేరి, తీరిగ్గా మంచం వైపు నడిచింది.

"బిడ్డా, మంచం జర ఇటు జరుపే. పైనున్నది నా మొఖమే చూస్తున్నది" అంది యేసమ్మ.

సునీల మంచం జరిపి, ఫొటో తీసి పంపింది. వెనక్కి వచ్చింది. ఆరు ఎంబీల ఫొటో ఏడు ఎంబీల హద్దులో ఎందుకు పట్టదు? నాలుగో అంతస్తు భార్గవ్ సాఫ్ట్‌వేర్ మనిషి. అతణ్ని తీసుకుని అసోసియేషన్ ఆఫీసుకు వెళ్లింది.

"అంకుల్, మెయిల్‌లోకి ఎక్కాక ఫొటో మూడోవంతుకు పైగా బరువు పెరుగుతుంది. ప్యాకింగ్ లాంటిది. మీరు ఏడు అని పెడితే నిజానికి ఐదే పడుతుంది. ఒక్క లైను మార్చాలి, అంతే" అన్నాడు భార్గవ్.

నరసరాజుగారు చిరునవ్వు నవ్వారు. "చూడు బాబూ, ఇంట్లో కాటా వేరు, కౌంటర్లో కాటా వేరు. మా దగ్గర ప్యాసింజర్లంతా ఈ మాటే అంటారు. వాళ్లకోసం విమానం పెద్దది చేస్తామా? అమ్మా సునీలగారూ, కాస్త తేలిక చేసి పంపండి."

సునీల తేలిక చేసింది. పగులును నాలుగు ముక్కలుగా ఫొటోలు తీసి నాలుగు మెయిళ్లు పంపింది. "ఇవి ఒకే ఇంటివని రుజువేమిటి? పగులు మొత్తం ఒకే ఫొటోలో కనబడాలి" అని జవాబు. సరే, మొత్తం ఒకే ఫొటోగా తీసి, చిన్నది చేసి, ఇంకా చిన్నది చేసి పంపింది. అది అందింది! "ఇందులో పగులు కనిపించుట లేదు. మబ్బు వలె ఉన్నది. స్పష్టమైన ఫొటో పంపగలరు."

చూశారా ఎంత గొప్ప ఏర్పాటో! కనిపించే ఫొటో చేరదు, చేరే ఫొటో కనిపించదు. ఇంతకన్నా మంచి వైద్యం ఏ మేస్త్రీ చేస్తాడు?

ఈలోగా మంచం గోడకు చేరింది, కిటికీ కిందికి చేరింది, ఆఖరికి కాళ్లవైపు సగం హాల్లోకి వచ్చింది. "ఇగ రేపు లిఫ్ట్‌ల ఏస్తవానే?" అని అడిగింది యేసమ్మ.

ఆదివారం ప్రార్థన నుంచి తల్లీకూతుళ్లు తిరిగొచ్చేసరికి పెచ్చు ఊడి పడుంది. దిండు మీద. తల ఉండే చోట.

యేసమ్మ దిండు వంక చూస్తూ నిలబడింది. సునీల ఆ పెచ్చును బట్టల టబ్బులో వేసుకుని కిందికి దిగింది.

కింద సర్వసభ్య సమావేశం జరుగుతోంది. "ఈ ఏడాది మనకు సక్రమంగా అందిన ఫిర్యాదులు సున్నా" అని నరసరాజుగారు చదువుతుండగా టబ్బు ఆయన టేబుల్ మీదికి దిగింది.

"ఏంటమ్మా ఇది? మెయిల్‌లో పెట్టాలి కదా!"

"పెట్టిన సార్. మీ సర్వర్ల పడుతలేదు. టేబుల్ మీద పడుతదేమో చూద్దామని తెచ్చిన."

ఎవరో నవ్వారు. భార్గవ్ లేచి వెళ్లి తన బాత్రూంలో ఊడిన తుప్పుపట్టిన పైపు తెచ్చి పక్కన పెట్టాడు. మూడో అంతస్తు బిందు పాచిపట్టిన షవర్ తెచ్చింది. ఒకాయన ఊడిన తలుపు కొక్కెం, ఇంకొకావిడ సీసా నిండా కుళాయి నీళ్లు, కాఫీ రంగువి. అరగంటలో టేబుల్ నిండి సెక్రటరీగారు కనిపించకుండా పోయారు.

అప్పటిదాకా దొరకని మేస్త్రీ సోమవారమే దొరికాడు. స్లాబ్ బాగుపడింది, మంచం గదిలోకి వెళ్లింది.

మంగళవారం అందరికీ సెక్రటరీగారి మెయిల్. "ఇకపై వస్తువులు ఆఫీసుకు తేరాదు. ఫిర్యాదులు మెయిల్ ద్వారానే." కింద ఆ టేబుల్ ఫొటోలు, మెయిల్ లోపలే అతికించి, ఇరవై ఎంబీలు! ఆయన పంపేవాటికి హద్దు లేదట. సిబ్బంది సామాను తూచరు కాబోలు. పెచ్చులో ఇసుక రేణువులు కూడా లెక్కపెట్టుకోవచ్చు, అంత స్పష్టం.

పెద్దమనిషితో తగువెందుకని సునీల "సరే సార్" అని జవాబు కొట్టింది. ఆమె మాట కింద ఆయన ఫొటోలన్నింటినీ ఫోను దానంతటదే తగిలించింది. నిమిషంలో టింగుమంది. బరువెక్కువైందని సర్వర్ తిప్పి పంపింది.

"ఏందే, ఏమన్నడు?" మంచం మీంచి యేసమ్మ అడిగింది.

"నేను సరే అన్ననమ్మా. గా మాటగూడ వద్దంటున్నది సర్వర్."